ఉప్పునీటి తొట్టిలో ఇసుక నల్లబడితే ఏం చేయాలి? ఏం చేయకూడదు?

సూళ్లూరుపేట నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. పోయిన రెండు ఎపిసోడ్లలో లైట్ల గురించి, ఉప్పు కలపడం గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత నాకు ఎక్కువగా వచ్చిన ప్రశ్న ఒకటే. "అన్నా, ట్యాంక్ పెట్టి ఏడాది అయింది, ఇసుకలో అద్దం పక్కన నల్లటి గీత కనపడుతోంది, మొత్తం తీసి కడిగేయమంటావా?"

ముందే జవాబు చెప్పేస్తా. కడగొద్దు. మొత్తం ఒకేసారి అసలు ముట్టుకోవద్దు. వీడియో ఇక్కడే ఆపేసి వెళ్లిపోయేవాళ్లు కనీసం ఈ ఒక్క ముక్క పట్టుకుని వెళ్లండి. ఎందుకంటే నేను ఆ పని చేశాను, చేసి చేపల్ని చంపుకున్నాను. ఈరోజు ఆ కథ చెప్తా. అది ఎందుకు జరిగిందో, ఇప్పుడు నేను వారం వారం ఇసుకను ఎలా శుభ్రం చేస్తున్నానో కూడా చెప్తా.

కొత్తగా చూసేవాళ్లకి రెండు మాటలు. నేను బీటెక్ చేసి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను. కరోనా టైమ్‌లో వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊరికి వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. నా ట్యాంక్ వచ్చేసి మూడడుగులది. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. లెక్క ప్రకారం 182 లీటర్లు. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజంగా ఉండే నీళ్లు 150 లీటర్లు అనుకోండి. అందులో సాఫ్ట్ కోరల్స్ మాత్రమే ఉన్నాయి, మష్రూమ్‌లు, జోయాంథిడ్లు. చేపలు తక్కువ.

ఇక కథ. 2023 మే నెల. మా అక్క నిశ్చితార్థం మా ఇంట్లోనే. హాల్లో ట్యాంక్ ఉంది, వచ్చేవాళ్లందరి కళ్లూ దానిమీదే పడతాయి. అప్పటికి ఇసుక నాలుగు అంగుళాల మందం ఉండేది. "డీప్ శాండ్ బెడ్ అయితే నైట్రేట్ తగ్గుతుంది" అని ఎక్కడో చదివి వేసేశా. ఏడాదిన్నర పాటు దాన్ని ఎప్పుడూ కదిలించలేదు. పైన గోధుమరంగు పొర, అక్కడక్కడా ఎర్రటి జిగురు, అద్దం వైపు నుంచి చూస్తే అడుగున నల్లగా చారలు. చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఫంక్షన్‌కి రెండు రోజుల ముందు సాయంత్రం కూర్చుని, సైఫన్ పైపు అడుగుదాకా గుచ్చి, ఒక మూల నుంచి ఇంకో మూల దాకా మొత్తం కెలికేశా. రెండు గంటలు పట్టింది. నీళ్లు బూడిద రంగులోకి మారాయి. ఫిల్టర్ పట్టేస్తుందిలే, పొద్దునకి తేటపడుతుంది అనుకుని పడుకున్నా.

పొద్దున నీళ్లు తేటగానే ఉన్నాయి. చేపలు లేవు. ఐదు చేపల్లో మూడు పోయాయి. అందులో రెండు క్లౌన్‌ఫిష్‌లు, జోడీ. అవి మొదటిసారి గుడ్లు పెట్టి నెల కూడా కాలేదు. మిగతా రెండూ నీటి పైన నోరు తెరిచి గాలికోసం కొట్టుకుంటున్నాయి.

ఆ రోజు ఇంట్లో పనులకని మా మామ వచ్చి ఉన్నాడు. మా అమ్మ తమ్ముడు. ఇటు పక్క పల్లెలో ముప్పై ఏళ్లుగా రొయ్యల గుంటలు చేస్తున్నాడు. నేను ముందురోజు తీసిన మురికి నీళ్ల బకెట్ పెరట్లో అట్లే ఉంది. ఆయన దాని పక్కనుంచి పోతూ ఆగి, వంగి వాసన చూశాడు. "ఏందిరా అల్లుడా, గుంట అడుగు వాసన వస్తా ఉండాది? ఎవురు కెలికింది?" అన్నాడు.

నేనే మామా అని చెప్పా. ఆయన ట్యాంక్ దగ్గరికి వచ్చి చూసి, "నిండా నీళ్లుండగా అడుగు కెలుకుతారా ఎవురన్నా? నీళ్లు దించినాక కదరా కెలికేది" అన్నాడు. అంతే. తిట్టలేదు కూడా.

నాకు అప్పుడు తట్టింది. నేను ఏడాదిన్నర ఇంగ్లిష్ వీడియోలు చూస్తూ కూర్చున్నా. నా ఇంటికి పది కిలోమీటర్ల లోపల ఈ పని బతుకుతెరువుగా చేసేవాళ్లు వందల మంది ఉన్నారు. వాళ్లు చేసేది కూడా ఉప్పునీటి తొట్టే, కాకపోతే ఎకరాల లెక్కలో. అడుగు చెడితే వాళ్లకి పోయేది రెండు చేపలు కాదు, అప్పు తెచ్చి పెట్టిన పంట మొత్తం.

సరే, అసలు ఇసుకలో ఏం జరుగుతుందో చూద్దాం. కొంచెం కెమిస్ట్రీ ఉంటుంది, భయపడకండి.

చేప తిన్న మేత, వదిలేసిన మేత, దాని విసర్జన, ఇవన్నీ కుళ్లితే అమ్మోనియా వస్తుంది. అమ్మోనియా చేపకి విషం. ఇసుక పై పొరలో, రాళ్లమీద ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ పనికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ నీటి నుంచి ఇసుకలోకి పైన ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా బాగా దిగుతుంది. కిందకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. ఆక్సిజన్ దాదాపు లేని చోట వేరే బ్యాక్టీరియా ఉంటుంది. అది నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ని వాడుకుని, మిగిలిన నైట్రోజన్‌ని గాలిలోకి వదిలేస్తుంది. ఇది మనకి మంచిది. డీప్ శాండ్ బెడ్ అనే ఆలోచన వచ్చింది ఇక్కడినుంచే.

ఇంకా కిందికి పోతే, అక్కడ నైట్రేట్ కూడా అయిపోతుంది. అప్పుడు మూడో రకం బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది. అది సల్ఫేట్‌ని వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన. అది ఇనుముతో కలిస్తే నల్లటి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది. మీకు అద్దం పక్కన కనపడే నల్లగీత అదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. మంచినీటి అక్వేరియంలో సల్ఫేట్ చాలా తక్కువ. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 2.7 గ్రాములు ఉంటుంది. అంటే మనం పోసే నీళ్లలోనే ఆ విషానికి కావలసిన ముడిసరుకు బోలెడు ఉంది. అందుకే గోల్డ్‌ఫిష్ ట్యాంక్‌లో పనికొచ్చిన పద్ధతులు ఇక్కడ పనికిరావు. గోల్డ్‌ఫిష్ ట్యాంక్ అడుగు ఎప్పుడైనా కెలికి ఉంటే "అప్పుడు ఏమీ కాలేదే" అనుకుంటాం. ఇక్కడ అవుతుంది.

మరి ఆ నల్లటి పొర అంత ప్రమాదమైతే, ఏడాదిన్నర చేపలు ఎలా బతికాయి? ఎందుకంటే ఆ వాయువు నెమ్మదిగా పైకి వస్తూ, ఆక్సిజన్ ఉన్న పొర తగలగానే మారిపోతుంది. అంటే పైపొర ఒక మూతలాగా పనిచేస్తుంది. నేను పైపుతో గుచ్చి ఆ మూత తీసేశా, అదీ ట్యాంక్ మొత్తం ఒకేసారి. హైడ్రోజన్ సల్ఫైడ్ వచ్చింది, పేరుకుపోయిన అమ్మోనియా వచ్చింది, కుళ్లిన చెత్త లేచి నీటిలోని ఆక్సిజన్‌ని లాగేసింది. మే నెల, ఏసీ లేని హాలు, నీళ్లు 30 డిగ్రీలు దాటి ఉన్నాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ ఎలాగూ తక్కువే పడుతుంది. సముద్రపు నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 6.7 మిల్లీగ్రాములు పట్టుకుంటే, 30 దగ్గర 6.2కి పడిపోతుంది. పైగా రాత్రి, లైట్లు లేవు. అన్నీ ఒకే రాత్రి కలిసొచ్చాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఏడాదిన్నర బాకీ పెట్టిన పనినంతా శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి తోసేసి ఇంటికి వెళ్లి పడుకున్నట్టు.

ఇప్పుడు మామ వాళ్ల పద్ధతి చెప్తా. ఇది వింటే మన పద్ధతి సగం వచ్చేసినట్టే.

మన నెల్లూరు, తిరుపతి తీరంలో ఇప్పుడు పెంచేది ఎక్కువగా వనామి. దాన్ని మన దేశంలో పెంచడానికి అనుమతి వచ్చింది 2009లో. అంతకుముందు టైగర్ రొయ్య. 1994లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి టైగర్ గుంటలు ఎట్లా ఖాళీ అయ్యాయో మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది వైరస్, అడుగు శుభ్రంగా ఉంటే రాదు అని కాదు. కానీ అడుగు చెడిన గుంటలో రొయ్య ముందే నీరసపడి ఉంటుంది, ఏ రోగమొచ్చినా తట్టుకోలేదు. ఆ దెబ్బ తర్వాత మామ వాళ్లకి అడుగంటే భయం, భక్తి రెండూ వచ్చాయి.

కిలో రొయ్య పెరగాలంటే కిలోంబాతిక నుంచి కిలోన్నర దాకా మేత వేయాలి. ఆ మేత అంతా రొయ్యలోకి పోదు కదా. మిగిలింది అడుగుకే చేరుతుంది. రొయ్య కూడా తిరిగేది అడుగునే. అందుకని వాళ్లు ఏం చేస్తారంటే, మొదటిది, చెక్ ట్రే పెట్టి చూస్తారు. ట్రేలో మేత మిగిలితే తర్వాత పూట తగ్గిస్తారు. రెండోది, ఏరియేటర్లు తిప్పి నీళ్లని ఒక వైపుకి నడిపిస్తారు, చెత్త అంతా ఒక చోటుకి చేరుతుంది. మూడోది, కొందరు మొదటి వారాల నుంచే గొలుసు లాగుతారు. గుంట అడుగున బరువైన గొలుసును పైపైన ఈడుస్తారు, మట్టి పైపొర కదిలి గట్టిపడకుండా ఉంటుంది. ఇది మొదటి నుంచీ చేయాలి. మధ్యలో, అడుగు నల్లబడ్డాక మొదలుపెడితే రొయ్య పైకి తేలుతుంది అంటాడు మామ. నాలుగోది, పట్టుబడి అయ్యాక నీళ్లు పూర్తిగా దించి, నేల బీటలు వారేదాకా ఎండబెట్టి, నల్లమట్టి గీకి బయటపడేసి, దున్ని, సున్నం చల్లుతారు. అప్పుడే మళ్లీ నీళ్లు.

మనం ట్యాంక్‌ని ఎండబెట్టలేం. కాబట్టి నాలుగోది మనకి లేదు. నాలుగోది లేదు కాబట్టే మొదటి మూడూ ఇంకా గట్టిగా చేయాలి.

ఇది ఒక్క గుంటల సంగతే కాదు. మన ఊరి నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది కదా. చిలికా తర్వాత మన దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు అదే. అక్కడ చలికాలంలో ఫ్లెమింగోలు ఏం చేస్తాయో గమనించారా? కాళ్లతో బురదని తొక్కుతూ, తల కిందకి పెట్టి, లేచిన దాన్ని వడగట్టి తింటాయి. ప్రతిరోజూ, ప్రతిచోటా కొంచెం కొంచెం పైపొర కదులుతూ ఉంటుంది. అక్కడి పురుగులు, పీతలు చేసేదీ అదే. సరస్సుకి ముఖ్యమైన ఇంకోటి సముద్రంతో రాకపోకలు. ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే నీళ్లు మారవు, చేప తగ్గుతుంది. ఇక్కడి జాలర్లు ఎన్నో ఏళ్లుగా ముఖద్వారాలు పూడిక తీయమని అడుగుతున్నది అందుకే. అడుగు కదలాలి, నీళ్లు మారాలి. మన ట్యాంక్‌లో ఫ్లెమింగో లేదు, ఆటుపోట్లు లేవు. ఆ రెండు పనులూ మనమే చేయాలి.

ఇప్పుడు నా పద్ధతి. నోట్ చేసుకోండి.

మొదటి విషయం, ఇసుక ఎంత మందం వేయాలి. కొత్తగా పెట్టేవాళ్లు 3 నుంచి 5 సెంటీమీటర్లు వేయండి చాలు. ఇలాంటిది క్రమంగా శుభ్రం చేయవచ్చు. 10 సెంటీమీటర్లు దాటి వేస్తే అది డీప్ శాండ్ బెడ్, దాన్ని కెలకకూడదు, దానిలో బతికే పురుగులు, చిన్న ప్రాణులే దాన్ని చూసుకోవాలి, అది వేరే విద్య. ఈ రెండింటికీ మధ్యలో వేస్తే రెండింటి లాభమూ రాదు, రెండింటి బాధా వస్తుంది. నా ట్యాంక్‌కి 4 సెంటీమీటర్ల మందానికి 16 లీటర్ల ఇసుక, అంటే 22 కిలోలకి కొంచెం అటూ ఇటూ పట్టింది. అరగొనైట్ ఇసుక తీసుకోండి. మరీ పిండిలాంటిది వద్దు, వేవ్‌మేకర్ గాలికే లేచిపోతుంది. మరీ గులకలాంటిది వద్దు, సందుల్లో చెత్త దూరిపోతుంది. రవ్వ సైజు సరిపోతుంది. బీచ్ నుంచి ఇసుక తెచ్చి వేయొద్దు. అందులో ఏమేం ఖనిజాలు ఉంటాయో, ఏం కలుషితం ఉంటుందో మనకి తెలీదు.

రెండు, రాళ్లు ముందు, ఇసుక తర్వాత. రాళ్లని నేరుగా అడుగు అద్దం మీద నిలబెట్టి ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద రాయి పెడితే దాని కింద ఎప్పటికీ శుభ్రం చేయలేరు. పైగా అడుగు తవ్వే చేప ఉంటే రాయి కూలి అద్దం పగులుతుంది.

మూడు, నీటి ఉరవడి. నా 150 లీటర్లకి గంటకి 2,000 నుంచి 2,500 లీటర్లు తోసే వేవ్‌మేకర్ వాడుతున్నా. రాళ్ల వెనక ఒక మూలన మేత ముక్కలు చేరుతున్నాయంటే అక్కడ నీళ్లు నడవడం లేదు. వేవ్‌మేకర్ దిశ మార్చండి. ఇసుక కొట్టుకుపోయి అడుగు అద్దం కనపడుతుంటే మరీ ఎక్కువైంది.

నాలుగు, మేత. ఇదే అన్నింటికంటే ముఖ్యం. రెండు నిమిషాల్లో తినేంత వేయండి. ఫ్రోజెన్ మేతని జల్లెడలో వేసి ఆర్వో నీళ్లతో కడిగి వేయండి. మీరు వేయని మేతని మీరు శుభ్రం చేయనక్కర్లేదు కదా.

ఐదు, వారం వారం చేసే పని. నేను ట్యాంక్ ముందు అద్దం కింద అంచున చిన్న టేపు ముక్కలు అంటించి నాలుగు భాగాలు చేశా. వారానికి ఒక భాగం మాత్రమే. నెలకి ఒక చుట్టు పూర్తవుతుంది.

ముందురోజు రాత్రి 15 లీటర్ల కొత్త నీళ్లు కలుపుతా. మా బోరు నీళ్ల టీడీఎస్ 900 పైనే, అందుకని ఆర్వో డీఐ ద్వారా సున్నాకి తెచ్చాకే ఉప్పు. 15 లీటర్లకి నా ఉప్పు 550 గ్రాముల దగ్గర పడుతుంది. మీ బ్రాండ్‌ని బట్టి మారుతుంది, రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ, అంటే 1.026 వచ్చిందా అని చూసుకోండి. చిన్న పంపు వేసి రాత్రంతా తిరగనివ్వాలి. వేడి కూడా ట్యాంక్‌తో సమానంగా ఉండాలి.

మరుసటి రోజు పొద్దున వేవ్‌మేకర్ ఆపి, హీటర్ ఉంటే అదీ ఆపి, రాళ్లమీద పేరుకున్న దుమ్ముని పెద్ద డ్రాపర్‌తో ఊదుతా. అది ఇసుక మీద పడుతుంది. ఐదు నిమిషాలు ఆగి సైఫన్ మొదలు. వెడల్పు గొట్టాన్ని ఇసుకలోకి రెండు సెంటీమీటర్లు గుచ్చాలి. ఇసుక గొట్టంలో గిరగిరా తిరుగుతూ పైకి లేస్తుంది, మురికి తేలికగా ఉంటుంది కాబట్టి పైపులోకి పోతుంది. ఇసుక కూడా పైపు దాకా వచ్చేస్తుంటే కింద పైపుని వేళ్లతో నొక్కండి. ఇసుక దిగిపోతుంది, మురికి పోతుంది. అలవాటు కావడానికి రెండు వారాలు పడుతుంది. 15 లీటర్లు తీయగానే ఆపేయాలి, భాగం పూర్తి కాకపోయినా సరే. పొరపాటున ఇసుక బకెట్‌లోకి వచ్చేస్తే, అదే బకెట్‌లోని ఉప్పునీళ్లతో కడిగి మళ్లీ వేయండి. కుళాయి నీళ్లతో కడిగితే దానిమీది బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

తర్వాత కొత్త నీళ్లు పోసి, వేవ్‌మేకర్ వేసి, ఫిల్టర్‌లో దూది మార్చేయాలి. మరుసటి రోజు అమ్మోనియా టెస్ట్. సున్నా రావాలి. నైట్రేట్ నా సాఫ్ట్ కోరల్స్‌కి 5 నుంచి 15 మధ్య ఉంచుకుంటా. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాస్తా, తేదీతో సహా. యాప్ కూడా ఒకటి రాసుకున్నాలెండి, కానీ తడి చేతులతో నోట్‌బుక్కే బెటర్.

మరి ఇప్పటికే పాతబడిన, నల్లబడిన ఇసుక ఉన్నవాళ్లు? మీరు నాలుగు కాదు, ఎనిమిది భాగాలు చేసుకోండి. వారానికి ఒక భాగం, అది కూడా పైన ఒక్క సెంటీమీటరు మాత్రమే. ఎనిమిది వారాలయ్యాక రెండో చుట్టులో ఇంకొంచెం లోతు. నల్లటి పొర తగిలి వాసన వచ్చిందా, ఆ రోజుకి అక్కడితో ఆపేయండి. పని చేస్తున్నంతసేపూ ఎయిర్ పంపు ఫుల్‌గా నడవాలి. ఇంకో రోజుకి సరిపడా ఉప్పునీళ్లు కలిపి పక్కన రెడీగా ఉంచుకోండి. పొద్దున చేయండి, రాత్రి చేయొద్దు. చేసిన రోజు ఇంట్లో ఉండండి.

అయినా ఏదైనా తేడా కొట్టి చేపలు పైకి వచ్చి గాలి మింగుతుంటే, ఇంకేమీ కెలకొద్దు. గాలి పెంచండి, కలిపి ఉంచిన ఉప్పునీళ్ల బకెట్‌లోకి ఎయిర్ స్టోన్ వేసి చేపల్ని అందులోకి మార్చండి, ట్యాంక్‌లో నీళ్లు వీలైనంత మార్చి, యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. ఆ రోజు నా రెండు చేపలు బతికింది ఇలాగే. నీళ్ల బకెట్ తెచ్చింది మామే.

రంగుల గురించి కూడా అడిగారు. ట్యాంక్ పెట్టిన మొదటి రెండు నెలల్లో గోధుమరంగు పొడిలాంటి పొర వస్తే అది డయాటమ్స్, కంగారు పడొద్దు, దానంతట అదే తగ్గుతుంది. ఎర్రటి, వంకాయరంగు జిగురు దుప్పటిలా పట్టి, బుడగలు వస్తుంటే సయనోబ్యాక్టీరియా. మేత ఎక్కువ, నీటి నడక తక్కువ అని అర్థం. దాన్ని సైఫన్‌తో తీసేసి కారణాన్ని సరిచేయండి. మందు వేస్తే అది చచ్చి మళ్లీ ఇసుకలోనే కుళ్లుతుంది.

ఇప్పుడు ఒక సీరియస్ విషయం. దయచేసి స్కిప్ చేయొద్దు.

విదేశీ వీడియోల్లో ఇసుక శుభ్రానికి ముందు చెప్పే పేరు సముద్ర దోసకాయ, అంటే సీ కుకుంబర్. నిజమే, అది ఇసుకని మింగి, అందులోని మురికిని అరిగించుకుని, శుభ్రమైన ఇసుకని వదులుతుంది. అద్భుతమైన జీవి. కానీ మన దేశంలో అన్ని రకాల సముద్ర దోసకాయలూ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. అంటే పులి ఉన్న జాబితాలోనే. సముద్ర గుర్రాలూ అంతే, రాతి పగడాలూ అంతే. వీటిని తీరం నుంచి తీసినా, అమ్మినా, దగ్గర పెట్టుకున్నా నేరమే. 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష ఉంది. లైవ్ రాక్ పేరుతో పగడపు రాళ్లు అమ్మేవాళ్లున్నారు, అదీ ఇందులోకే వస్తుంది. నా చేపలు పోయిన వారంలో నాకూ ఒకరు ఫోన్ చేసి, "రామేశ్వరం వైపు నుంచి వస్తుంది, ఒకటి పంపిస్తా, ఇసుక గురించి మర్చిపో" అన్నారు. ధర కూడా తక్కువే. అప్పుడున్న బాధలో దాదాపు సరే అనబోయా. చట్టం చదివి ఆగిపోయా. ఇంకో మాట, మన్నార్ సింధుశాఖ అడుగుని శుభ్రం చేసేది ఆ జీవులే. నా మూడడుగుల ఇసుక కోసం అక్కడి ఇసుకని చూసుకునేవాళ్లని ఎత్తుకురావడం ఏం న్యాయం?

మరి ఏం పెట్టొచ్చు? నసారియస్ నత్తలు నాలుగైదు. పగలు ఇసుకలో దాక్కుని ఉంటాయి, మేత వాసన రాగానే ముక్కు పైకి పెట్టుకుని బయటికొస్తాయి. మిగిలిన మేత తినేస్తాయి, పైపొర కదిలిస్తాయి. సెరిత్ నత్తలు ఆల్గే గీకుతాయి. ఇసుక జల్లించే గోబీ చేప, ఇసుక నక్షత్ర చేప మూడడుగుల ట్యాంక్‌కి వద్దు. అవి ఇసుకలోని చిన్న ప్రాణుల్ని తిని బతుకుతాయి, చిన్న ట్యాంక్‌లో అవి కొన్ని నెలల్లో అయిపోతాయి, తర్వాత ఆకలితో చనిపోతాయి. క్లౌన్‌ఫిష్ కావాలంటే హేచరీలో పుట్టినవే అడిగి తీసుకోండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు మన దేశంలోనే వాటిని పిల్లలు చేయించే పద్ధతి ఎప్పుడో తయారుచేశారు. సముద్రం నుంచి పట్టినవాటికంటే ఇవి గట్టిగా కూడా ఉంటాయి.

చివరిగా కరెంటు. మన వైపు ఇది లేకుండా ఏ ఎపిసోడూ పూర్తి కాదు. కరెంటు పోతే చేపలే కాదు, ఇసుకలోని బ్యాక్టీరియా కూడా అదే ఆక్సిజన్‌ని వాడేస్తుంది. ఇసుక ఎంత మురికిగా ఉంటే అంత తొందరగా అయిపోతుంది. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుపాను వచ్చింది గుర్తుందా? బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, దానికి ముందు మన వైపే కుమ్మేసింది. మా వీధిలో ఒకటిన్నర రోజు కరెంటు లేదు. ఇన్వర్టర్ మొదటి రాత్రే అయిపోయింది. బ్యాటరీ ఎయిర్ పంపులు రెండు పెట్టి, మేత పూర్తిగా ఆపేసి, గంటకోసారి మగ్గుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ కూర్చున్నా. అప్పటికి నా ఇసుక నాలుగు సెంటీమీటర్లకి తగ్గి, ఏడు నెలలుగా వారం వారం శుభ్రమవుతూ ఉంది. ఒక్క చేప కూడా పోలేదు. అదే నాలుగు అంగుళాల నల్ల ఇసుక ఉండి ఉంటే పొద్దునకి ఏం మిగిలేది కాదు. తుపాను వెలిసాక మామ ఫోన్ చేశాడు. వాళ్ల గుంట గట్టు ఒక పక్క తెగింది, నష్టం బాగానే జరిగింది. అయినా ముందు అడిగింది, "నీ తొట్లో చేపలు ఉండాయా రా?" అని.

ఉన్నాయి మామా అని చెప్పా.

కాబట్టి మళ్లీ ఒకసారి. ఇసుక పలచగా వేయండి, మేత తగ్గించండి, వారానికి ఒక భాగం, పైపైన మాత్రమే, నీళ్లు ముందే కలిపి ఉంచుకోండి, ఎయిర్ పంపుకి బ్యాటరీ పెట్టుకోండి. నల్లగీత చూసి కంగారు పడి ఈ రాత్రే పైపు పట్టుకోవద్దు. అది ఏడాదిగా అక్కడే ఉంది, ఇంకో ఎనిమిది వారాలు ఉంటుంది.

వచ్చే ఎపిసోడ్‌లో, మన ఎండాకాలంలో చిల్లర్ లేకుండా ట్యాంక్‌ని 27 డిగ్రీల దగ్గర ఉంచొచ్చా లేదా అనేది చూద్దాం. ఫ్యాన్లతో నేను చేసిన ప్రయోగాల లెక్కలన్నీ పెడతా. మీ ట్యాంక్ కొలతలు, ఇసుక మందం, చివరిసారి ఎప్పుడు కదిలించారో రాసి పంపండి, తీరిక చేసుకుని జవాబిస్తా.